270 గ్రాముల టెన్నిస్ బ్యాట్: సర్వ్ కి హాయి, నెట్ దగ్గర నరకం

బ్యాక్‌హ్యాండ్_బద్రి
ఇన్నాళ్ళూ 300 గ్రాముల బ్యాటే నాది. ఈ మధ్య రెండో సెట్ కొచ్చేసరికి భుజం పట్టేస్తోంది, సర్వ్ కి చెయ్యి పైకి లేవట్లేదు. వయసు 46 అంటే మా క్లబ్బులో వాళ్ళు "అప్పుడేనా" అంటారు గానీ అక్కడ సగం మంది రిటైరైన బ్యాంకోళ్ళు, వాళ్ళ లెక్కలో నేను కుర్రాణ్ణే. సరే అని పోయిన నెల 270 గ్రాములది కొన్నా. తల (గట్స్ ఉండే గుండ్రటి భాగం) 100 చదరపు అంగుళాలు, గట్స్ 16×19, అంటే నిలువు తీగలు 16, అడ్డం 19, పొడవు మామూలు 27 అంగుళాలే. బ్రాండ్ చెప్పను, చెప్తే నీ బ్రాండా నా బ్రాండా అని కొట్టుకుంటారు, ఇదివరకు చూశాంగా ఇక్కడే.

సర్వ్ లో తేడా వెంటనే తెలిసింది. భుజం హాయిగా ఉంది, రెండో సర్వ్ కి కిక్ (బాల్ పడ్డాక పైకి ఎగరడం) కూడా కాస్త వస్తోంది. ఫోర్‌హ్యాండ్ పర్లేదు, ఒక్కోటి లాంగ్ పోతోంది. నెట్ దగ్గర నిలబడితే మాత్రం నరకం. ఎదుటోడు గట్టిగా కొడితే బ్యాట్ చేతిలోనే తిరిగిపోతోంది, బాల్ వెళ్ళి నెట్ కింద పడుతోంది. రిటర్న్, అంటే ఎదుటోడి సర్వ్ ని తిరిగి పంపడం, అదీ అంతే. పాత బ్యాట్ అయితే అడ్డం పెడితే చాలు లోపల పడేది. షాపతను ఏమో "తేలికది తీసుకోండి సార్, పవర్ కూడా ఎక్కువొస్తుంది" అన్నాడు. ఏదీ పవర్? ఇది బ్యాట్ తోనే వచ్చిందా, అలవాటు కావాలా, లేక గట్టింగ్ (గట్స్ బిగించడం) సంగతా? షాపులో వేసిచ్చిన గట్సే ఉన్నాయి ఇంకా.

సూర్యాపేట_స్మాష్
బ్రాండ్ చెప్పకుంటే ఎట్లనే అన్నా. కనీసం రంగన్నా చెప్పు, మేమే పట్టేస్తం.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
నలుపు.

సూర్యాపేట_స్మాష్
ఇగ పట్టినట్టే. ఇప్పుడు అన్నీ నలుపే వస్తున్నయ్.

వైజాగ్_వాలీ
గురూ బ్యాట్ ని ఎందుకు తిడతావ్. నువ్వే రాశావ్ చూడు, అడ్డం పెడితే చాలు అని. వాలీ అంటే నేల తాకకముందే బాల్ ని కొట్టడం, అడ్డం పెట్టడం కాదు. పాతది బరువుంది కాబట్టి నీ బద్ధకాన్ని అదే కాసుకొచ్చింది, తేలికది వచ్చేసరికి బయటపడింది. కాలు ముందుకెయ్యి, బాల్ ని ఒంటికి ముందే అందుకో, తగిలేటప్పుడు పిడి గట్టిగా పట్టు. మా దగ్గర పొద్దున్నే సముద్రపు తేమకి బాల్ తడిసి బరువెక్కిపోతది, అలాంటి బాల్ తోనే 280 బ్యాట్ పెట్టి ఆడతన్నాం. ఏటి నీ బాధ.

ఫిజిక్స్_మాస్టారు
వాలీ గారు చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక లేనోళ్ళు కిందకి దిగిపోండి.

ముందు ఆ 270 అనే అంకె సంగతి. అది గట్స్ లేని ఖాళీ ఫ్రేమ్ బరువు. గట్స్ ఒక 16 గ్రాములు, పిడి మీద చుట్టే ఓవర్‌గ్రిప్ 5 లేదా 6, మధ్యలో ఆ రబ్బరు బిళ్ళ డాంపనర్ పెడితే ఇంకో రెండు. అంటే మీరు కోర్టులో పట్టుకునేది 290 పైమాటే. అదీ కంపెనీ చెప్పినంతే ఉంటుందని లేదు, ఒకే మోడల్ లో రెండు బ్యాట్లు తూస్తే కొన్ని గ్రాములు అటూ ఇటూ ఉండటం మామూలే. వంటింటి కాటా మీద తూచండి ముందు.

రెండోది, అసలు చెయ్యికి తెలిసేది కాటా మీద బరువు కాదు, ఊపేటప్పుడు తెలిసే బరువు. స్వింగ్‌వెయిట్ అంటారు. అదే బరువు పిడి వైపు ఉంటే తేలిగ్గా ఊగుతుంది, తల వైపు ఉంటే ఈడుస్తుంది. తేలిక బ్యాట్లు తయారుచేసేవాళ్ళు మొత్తం బరువు తగ్గించి, మరీ ఉత్తదైపోకుండా తల వైపు కొంచెం ఎక్కువ ఉంచుతారు. అందుకే 270 ది 300 దానికంటే మీరనుకున్నంత తేలిగ్గా ఊగదు.

మూడోది మీ వాలీ. బాల్ బరువు రూల్ ప్రకారం 56 నుంచి 59.4 గ్రాములు. అది స్పీడుగా వచ్చి తగిలినప్పుడు బ్యాట్ ని వెనక్కి తోస్తుంది. సర్వ్ లో, ఫోర్‌హ్యాండ్ లో మీరు బ్యాట్ ని స్పీడుగా తిప్పుతారు కాబట్టి తగ్గిన బరువుని ఆ స్పీడు కొంతవరకు పూడుస్తుంది. కొంతవరకే, ఎందుకంటే మీరు తిప్పేది బ్యాట్ ఒక్కదాన్నే కాదు, మొత్తం చెయ్యిని. చెయ్యి బరువు ముందు 30 గ్రాములు ఎంత? బ్యాట్ పది శాతం తేలికైతే స్వింగ్ పది శాతం స్పీడెక్కదు. ఇక వాలీలో, బ్లాక్ రిటర్న్ లో స్వింగే లేదు. అక్కడ బాల్ ని ఆపేది ఫ్రేమ్ బరువే. అందుకే మీకు ఇబ్బంది సరిగ్గా అక్కడే బయటపడింది. షాపతను చెప్పిన పవర్ సంగతి, నిండుగా స్వింగ్ చేసే కుర్రాడికైతే కొంత నిజం, నెట్ దగ్గర నిలబడే మనలాంటి డబుల్స్ వాళ్ళకి కాదు.

బాల్ మధ్యలో తగలకుండా పక్కకి తగిలినప్పుడు తిరిగిపోవడం ఇంకో లెక్క. కావిడి చూశారుగా, బరువు రెండు చివర్లా వేలాడుతుంటే తిప్పడం కష్టం, భుజం దగ్గరే ఉంటే సులువు. ఫ్రేమ్ రెండు పక్కల ఎంత బరువుంటే అంత నిలకడ. తల వెడల్పుగా ఉన్నా అంతే.

సూర్యాపేట_స్మాష్
మాస్టారూ మరి ఫెదరర్ బ్యాట్ 340 అంట గదా గట్స్ లేకుండనే. అదే కొనుక్కుంటే అయిపోలే?

ఫిజిక్స్_మాస్టారు
ఆర్ఎఫ్97 అది, ఫెదరర్ పేరు మీద వచ్చిన మోడల్. 340 నిజమే, తల 97. కొనుక్కో. రెండో సెట్ కి ఎవరైనా మోసుకెళ్ళేవాణ్ణి కూడా పెట్టుకో.

గట్టింగ్_గిరి
బద్రి గారూ గట్స్ ఏంటి, ఎన్ని పౌండ్ల బిగువు? అది తెలీకుండా ఇక్కడ ఎంతమంది ఎంత రాసినా గాల్లో మాటలే. ఇంట్లో మెషిన్ పెట్టుకుని గట్టింగ్ వేస్తుంటా, నా దగ్గరికొచ్చే తేలిక బ్యాట్లలో ఎక్కువ వాటికి పాలీయెస్టర్ గట్స్ 58, 60 కి బిగించి ఉంటాయి. ఎందుకయ్యా అంటే టీవీలో ఆడేవాళ్ళు పాలీ వాడతారు కాబట్టి. వాళ్ళు గట్స్ మధ్యమధ్యలో మార్చేస్తారు, మనం అవి తెగేదాకా ఏడాది లాగుతాం. సాగుడు చచ్చిన పాలీ, గట్టి ఫ్రేమ్, తేలిక తల, ఈ మూడూ కలిస్తే బాల్ బయటికి పోదు, దెబ్బ మొత్తం మోచేతికే.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
అడిగితే "మంచి పాలీ వేశాం సార్, 56" అన్నాడు.

గట్టింగ్_గిరి
అదిగో. కోసి పారేయండి. మల్టీఫిలమెంట్, అంటే సన్నటి పోగులు కలిపి చేసిన మెత్తటి గట్స్ వేయించండి, 50 కి. మల్టీ మరీ ఖరీదనిపిస్తే మామూలు సింథటిక్ గట్ 52. తర్వాత మాట్లాడుకుందాం.

కాకినాడ_లెఫ్టీ
తేలిక బ్యాట్ ని అందరూ కలిసి తిడుతున్నారు గానీ ఒక మాట అండీ. మేం చెక్క బ్యాట్లతో మొదలెట్టినోళ్ళం. దానికో ప్రెస్సు ఉండేది, నాలుగు మూలలా మరలు బిగించి పెట్టాలి, లేదంటే వానాకాలం ఫ్రేము వంకర్లు పోయేది. బరువా, ఇప్పటి కుర్రాళ్ళు పట్టుకుంటే ఇదేంటి పారా అంటారు. దాంతోనే రామనాథన్ కృష్ణన్ 1960 లోనూ 61 లోనూ వింబుల్డన్ సెమీస్ దాకా వెళ్ళాడు, అదీ గట్టిగా కొట్టి కాదు, ఎక్కడ పడాలో అక్కడ పెట్టి.

ఇప్పుడు నాకు 68. నా చేతిలో ఉండేది హెడ్ కంపెనీ టీఐ.ఎస్6. ఖాళీ ఫ్రేము 225 గ్రాముల చిల్లర, తల 115, పొడవు పావు తక్కువ 28 అంగుళాలు. బద్రి గారి 270 దీని ముందు బరువైనదే. అయినా నెట్ దగ్గర నాకు తిరగదు అండీ, ఎందుకంటే తల అంత పెద్దది, బరువంతా ముందుకే ఉంది. సింగిల్స్ ఆడమంటే నేను ఆడను, బాల్ ని ముందుకు గిర్రున తిప్పే టాప్‌స్పిన్ గట్రా మన వల్ల కాదు. డబుల్స్ లో లాబ్ (నెత్తి మీదుగా ఎత్తి కొట్టడం) వేయడం, మధ్యలోకి గుచ్చడం, ఇంటికెళ్ళి ఇడ్లీ తినడం. దానికి ఇంతకంటే మంచిది దొరకదు ఆయ్. కాబట్టి తేలిక అని ఒక్క మాటలో కొట్టేయకండి, ఎక్కడ తేలికో చూడాలి.

వైజాగ్_వాలీ
లెఫ్టీ గారూ మీ లాబ్ లు నేను చూశాను ఒకసారి టోర్నమెంట్ లో. అవి లాబ్ లు కావండీ, కక్ష.

కాకినాడ_లెఫ్టీ
ఎండ కంట్లో పడేలా వేయాలి నాయనా. వైపు చూసుకునే టాస్ లో కోర్టు ఎంచుకుంటా.

డ్రాప్‌షాట్_రాణి
షాపుల వాళ్ళ గురించి నేను కూడా. అడుగు పెట్టగానే "మేడం కి లైట్ వెయిట్ చూపించు" అంటారు, నేనెలా ఆడతానో అడిగేవాడే లేడు. అలాగే 260 ది అంటగట్టారు నాకు మొదట్లో. డిజైన్ బాగుంది, లేత నీలం. సింగిల్స్ లో ఎదుటమ్మాయి కొంచెం బరువుగా టాప్‌స్పిన్ కొడితే చాలు నా బాల్ అవతలి సర్వీస్ లైన్ (నెట్ కీ వెనక గీతకీ మధ్య ఉండే అడ్డగీత) కూడా దాటేది కాదు, తర్వాతి బంతికి ఆమె ముందుకొచ్చి కూర్చునేది. ఇప్పుడు 300. భుజానికేం కాలేదు. సానియా 2005 లో హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు మేమంతా స్కూల్లో ఉన్నాం, ఆ ఫోర్‌హ్యాండ్ చూసే రాకెట్ పట్టుకున్న బ్యాచ్ మాది. ఆమె ఫోర్‌హ్యాండ్ చూసినోళ్ళెవరూ ఆడవాళ్ళకి ఉత్త బ్యాట్ చాలు అనరు.

నా అభిప్రాయం బద్రి గారూ, 270 అమ్మేసి పాతదానికి తిరిగెళ్ళండి. భుజం కోసం జిమ్ లో రబ్బర్ బ్యాండ్ పట్టుకోండి.

పికిల్_పంతులు
270 కూడా బరువనిపిస్తే పికిల్‌బాల్ కి వచ్చేయండి. దాని బ్యాట్ ని పాడిల్ అంటారు, 230 గ్రాములకి అటూ ఇటూ, పరిగెత్తే పని తక్కువ, కోర్టు మీ ఇంటి డాబా అంత.

సూర్యాపేట_స్మాష్
అడ్మిన్ అన్నా, గీయన్ని బయటికి పంపురి.

డల్లాస్_డబుల్స్
ఇక్కడ మాకున్న సుఖం ఏంటంటే డెమో. షాపులో మూడు నాలుగు బ్యాట్లు తీసుకెళ్ళి వారం ఆడి తిరిగిచ్చేయొచ్చు. నేను 3.5 లీగ్ (ఇక్కడి లెక్కలో మధ్యస్థం స్థాయి) లో ఆడతా, 40 దాటినవాళ్ళ టీమ్, మా టీమ్ లో సగం మంది మనవాళ్ళే, మ్యాచ్ అయ్యాక బిర్యానీ దగ్గరే అసలు ఆట. కాబట్టి కొనే ముందు ఒకే సిరీస్ లో బరువైనదీ తేలికదీ రెండూ పక్కపక్కన పెట్టి ఆడి చూశా. ఇది అందరూ చేయాలి, ఎందుకంటే వేరే వేరే కంపెనీలవి పోలిస్తే గట్టితనం మారుతుంది, గట్స్ మారతాయి, తల మారుతుంది, ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. ఉదాహరణకి బాబొలాట్ ప్యూర్ డ్రైవ్ మామూలుది 300, టీమ్ 285, లైట్ 270. యోనెక్స్ ఈజోన్ 100 ది 300, 100ఎల్ 285. విల్సన్ క్లాష్ 100 ది 295, 100ఎల్ 280. చూశారా, అందరూ మధ్యలో ఒక మెట్టు పెట్టారు. బద్రి గారు ఆ మెట్టు ఎక్కకుండా ఏకంగా 30 గ్రాములు దూకేశారు.

తేలికదాంతో నాకు కనిపించినవి చెప్తా. ఆలస్యంగా వెళ్ళిన బంతికి బ్యాట్ టక్కున అందుతుంది, ముఖ్యంగా బ్యాక్‌హ్యాండ్ వైపు పరిగెత్తి తీసేటప్పుడు. నెట్ మీద రిఫ్లెక్స్ వాలీకి, అంటే ఒంటి మీదకొచ్చేదానికి బ్యాట్ తొందరగా వచ్చేస్తుంది, కానీ వచ్చాక బాల్ ని నిలబెట్టదు. ఇక్కడ టెక్సాస్ గాలి మామూలుగా ఉండదు, ఎదురుగాలికి నా స్లైస్, అంటే కోసినట్టు కొట్టే బాల్, తేలిపోయి మధ్యలో చచ్చేది. బరువైన దాంతో అదే స్లైస్ నేలకి పాకుతూ వెళ్తుంది. ఫోర్‌హ్యాండ్ మాత్రం నాకు తేలికదే నచ్చింది, స్పిన్ ఎక్కువ పడుతోంది, బ్రష్ చేయడం సులువు. చివరికి మధ్యది తీసుకున్నా.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
డెమో అంటే మా షాపతను "వద్దు సార్ గీతలు పడతాయ్" అన్నాడు. కవర్ కూడా విప్పనివ్వలేదు.

నెల్లూరు_నెట్‌కార్డ్
మధ్యలో నాదొక డౌటు. నాకు మోచెయ్యి బయట వైపు నొప్పి ఆరు నెలల్నించి. అందరూ తేలిక బ్యాట్ కి మారు అంటున్నారు. గిరి గారేమో తేలికదే మోచేతికి ముప్పు అంటున్నారు. ఏది నమ్మాలి?

గట్టింగ్_గిరి
తేలికది ముప్పు అనలేదు. తేలికది ప్లస్ గట్టి ఫ్రేమ్ ప్లస్ బిగించిన పాలీ ముప్పు అన్నా. సరిగ్గా చదవండి.

ఫిజియో_ఫణి
గిరి అన్న చెప్పిందే. బయట వైపు ఎముక దగ్గర అంటుకునే స్నాయువు, ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అంటారు, ఎక్కువగా నలిగేది అదే. ఈ నొప్పినే టెన్నిస్ ఎల్బో అంటారు, అది వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అసలు టెన్నిస్ ఆడరు, మా క్లినిక్ కి వచ్చేవాళ్ళు కంప్యూటర్ మౌస్, కార్పెంటర్ పని, బట్టలు పిండటం. ఆడేవాళ్ళలో మాత్రం నేను మూడు అడుగుతా. ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా కొడుతున్నారా, గట్స్ ఏంటి, పిడి ఎంత గట్టిగా పిసుకుతున్నారు. బ్యాట్ తిరిగిపోతుంటే తెలీకుండానే పిడి ఇంకా బిగించి పట్టుకుంటారు, అప్పుడు ఆ కండరం మ్యాచ్ పొడుగూతా బిగుసుకునే ఉంటుంది. అలాగని బరువైనది మంచిదని కాదు, మీరు మోయలేనంత బరువైతే ప్రతి బంతికీ ఆలస్యమే, అదీ అక్కడికే పోతుంది.

ఆరు నెలలంటే ముందు ఎవరికైనా చూపించండి నెట్‌కార్డ్ గారూ, బ్యాట్ తర్వాత. మణికట్టుని బరువుతో నెమ్మదిగా కిందకి దించే వ్యాయామాలు ఉంటాయి, వాళ్ళు నేర్పిస్తారు. వాలీ అన్నా, మీరు తగిలేటప్పుడు గట్టిగా పట్టమన్నారు పైన. ఆ ఒక్క క్షణం వరకే అని కూడా చెప్పండి జనానికి.

వైజాగ్_వాలీ
ఒప్పుకున్నా, ఆ క్షణం వరకే. కానీ పట్టుకోవాలి.

నెల్లూరు_నెట్‌కార్డ్
ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్, పాలీ, ఏడాది పాతది. మూడిట్లో రెండు నావే.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
తూచా. మా ఆవిడ కేకులకి వాడే కాటా, బ్యాట్ నిలబడక గిన్నె బోర్లించి దాని మీద పెట్టాల్సొచ్చింది. కొత్తది 291, పాతది 321, రెండూ గట్స్, గ్రిప్ తో సహా. మాస్టారు చెప్పకుండానే బ్యాలెన్స్ కూడా చూశా, స్కేలు అంచు మీద పెట్టి. పిడి చివర్నించి కొత్తది 34 సెం.మీ., పాతది 33.

ఫిజిక్స్_మాస్టారు
అద్భుతం. బ్యాట్ పొడవు 68.5 అనుకుంటే సగం 34.25. అంటే కొత్తది దాదాపు సరిసమానం, పాతది పిడి వైపు బరువు. ఇప్పుడు గుణించండి. పాతది 321×33, అంటే 10,593. కొత్తది 291×34, అంటే 9,894. కాటా మీద 9 శాతం తేలిక, పిడి చివర పట్టుకుంటే తెలిసే లాగుడు మాత్రం 7 శాతం లోపే తగ్గింది. ఇది స్వింగ్‌వెయిట్ కాదు, దాని దూరపు చుట్టం. అసలుది కావాలంటే బ్యాట్ ని పిడి దగ్గర వేలాడదీసి లోలకంలా ఊపి ఎన్ని సెకన్లో లెక్కపెట్టాలి. పది ఊపులు చాలవు, రెండు బ్యాట్ల మధ్య తేడా అంత చిన్నది. యాభై లెక్కపెట్టండి.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
గిన్నె మీద బ్యాట్ పెట్టినందుకే ఇంట్లో అదోలా చూస్తున్నారు మాస్టారూ. ఊపడం నా వల్ల కాదు.

సూర్యాపేట_స్మాష్
వదిన ఫోటో తీస్తే ఈడ పెట్టురి.

మార్కర్_గారి_శిష్యుడు
ఇన్ని లెక్కలు దేనికి గానీ మా క్లబ్ మార్కర్ పద్ధతి చెప్తా. ముప్ఫై ఏళ్ళుగా మెంబర్లకి బాల్స్ వేస్తున్నాడు ఆయన, ఎవరు కొత్త బ్యాట్ తెచ్చినా ముందు ఆయన చేతికే ఇస్తారు. ఆయన సర్వ్ చూడడు, ఫోర్‌హ్యాండ్ చూడడు. నిన్ను సర్వీస్ లైన్ దగ్గర నిలబెట్టి అవతల నుంచి ఒంటి మీదకి గట్టిగా కొడతాడు, నువ్వు స్వింగ్ చేయకూడదు, ఆపి పంపాలి అంతే. నీ వాలీ అవతల సర్వీస్ లైన్ దాటి పడుతుందా, ముందే చస్తుందా, అదే చూస్తాడు. తర్వాత పాత బ్యాట్ తో మళ్ళీ. ఆ తర్వాత రెండు సెట్లు ఆడి రమ్మంటాడు, అలిసిపోయాక మళ్ళీ అదే. ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు అన్ని బ్యాట్లూ బాగుంటాయి సార్ అంటాడు. అలిసిపోయాక ఏది బాగుంటే అది నీ బ్యాట్.

ఇంకోటి, రెండిటికీ ఒకే గట్స్ ఒకే పౌండ్లు లేకపోతే ఆయన టెస్టే చేయడు.

గట్టింగ్_గిరి
ఆయనకి నా నమస్కారం చెప్పండి.

డల్లాస్_డబుల్స్
బద్రి గారూ అమ్మే ముందు సీసం టేపు అంటించి చూడండి. గడియారం ముల్లులా అనుకుంటే 3 దగ్గర, 9 దగ్గర చెరో 3 గ్రాములు. 12 దగ్గర పెట్టకండి, అక్కడ 3 గ్రాములే స్వింగ్‌వెయిట్ ని 10 పాయింట్ల దాకా పెంచేస్తుంది, మీ భుజం మళ్ళీ మొదటికొస్తుంది.

ఫిజిక్స్_మాస్టారు
సరైన లెక్కే. పక్కల పెడితే మొత్తం 6 గ్రాములకి కలిపి 11 పాయింట్లు పెరుగుతుంది స్వింగ్‌వెయిట్, కానీ తిరిగిపోకుండా నిలకడ 7 శాతం దాకా వస్తుంది. 12 దగ్గర పెడితే ఆ నిలకడ రాదు. ఇంకో 6 గ్రాములు పిడి లోపల వేస్తే బ్యాలెన్స్ కూడా సర్దుకుంటుంది, చేతిలో పెద్దగా తెలీదు.

సూర్యాపేట_స్మాష్
సీసం టేపు మా ఊర్ల యాడ దొర్కుతది? నేనైతే టైర్ల షాపుల వీల్ బ్యాలెన్సింగ్ కు అంటిస్తరు గదా 5 గ్రాముల ముక్కలు, అవ్వే రెండు అంటించిన. మస్తు పని చేస్తున్నయ్. చూసెటోళ్ళు బ్యాట్ కు గూడ పంచరైందా అంటున్నరు.

డ్రాప్‌షాట్_రాణి
నాకు అర్థం కానిదొకటి. తేలిక కావాలని 270 కొని, దానికి 12 గ్రాములు అంటించి, పిడిలో కుక్కి, చివరికి 285 దగ్గరికి వస్తుంది. 285 ది కొంటే పోయేదిగా?

డల్లాస్_డబుల్స్
ఇంకా కొననివాళ్ళకి అదే సలహా. కొనేసినవాళ్ళకి టేపు.

ఫిజిక్స్_మాస్టారు
రాణి గారి ప్రశ్న బాగుంది, కానీ టేపుకి ఒక లాభం ఉంది. 285 లో ఆ 15 గ్రాములు ఎక్కడ పెట్టాలో కంపెనీ నిర్ణయిస్తుంది. టేపైతే మీరు నిర్ణయిస్తారు. తేలికదానికి బరువు కలపొచ్చు, బరువైనదాన్ని చెక్కలేం.

డ్రాప్‌షాట్_రాణి
అంత సమయం ఉన్నోళ్ళు చేసుకోండి. నాకు కోర్టు దొరికేదే గంట.

అండర్12_అమ్మ
చదువుతూ ఉన్నాను కానీ మా పాప సంగతి ఎవరూ రాయలేదు. పన్నెండేళ్ళు నిండబోతున్నాయి, 26 అంగుళాల జూనియర్ బ్యాట్ చిన్నదైపోయింది, కోచ్ 27 కి మార్చమంటున్నారు. ఈ 270 లాంటివి పిల్లలకి పనికొస్తాయా, లేక పెద్దయ్యాక ఎలాగూ 300 కదా అని అదే కొనెయ్యాలా? పాపేమో అల్కరాజ్ వాడేదే కావాలంటోంది.

డల్లాస్_డబుల్స్
నా దృష్టిలో ఈ బ్యాట్ల అసలు వయసు అదేనండీ, 26 నుంచి 27 కి ఎక్కేటప్పుడు. నిండుగా స్వింగ్ చేస్తారు, ఎదుటి పిల్లల బాల్ కూడా అంత బరువుగా రాదు. 260, 270 లో చూడండి, మా బాబుకి అదే కొన్నా. అల్కరాజ్ ది షాపులో దొరికేదే 305, ఇప్పుడు వద్దు, మణికట్టుతో ఈడ్చడం అలవాటైపోతుంది.

ఫిజియో_ఫణి
పిల్లలకి పాలీ గట్స్ కూడా వద్దు. ఎవరు చెప్పినా వద్దు. పిడి సైజు పెద్దది కొని పెరుగుతుందిలే అనుకోవద్దు, చొక్కాల్లా కాదు ఇది.

అండర్12_అమ్మ
అయ్యో, నేను సరిగ్గా అదే అనుకుంటున్నా 😄 థాంక్స్ అండీ.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
లేటైంది, మధ్యలో వానలు. చెప్పినవన్నీ చేశా. ముందు గట్స్ ఒక్కటే మార్చా, పాలీ తీసి మల్టీ 50. పాతదానికి కూడా అదే వేయించా, లేకపోతే మార్కర్ గారు ఊరుకోరుగా. కొత్త గట్స్ తో బాల్ లోతుగా పడటం మొదలైంది, రిటర్న్ సగం బాగైంది, మోచేతి దగ్గర ఝల్లుమనేది పోయింది. అంటే నేను బ్యాట్ కి వేసిన నిందలో సగం గట్స్ ది. ఫోర్‌హ్యాండ్ మాత్రం ఇంకా ఎక్కువ లాంగ్ పోయింది రెండు మూడు రోజులు, స్పిన్ పెంచాక సర్దుకుంది.

తర్వాత టేపు, 3 దగ్గర 9 దగ్గర, పిడి మూత తీసి లోపల కొంచెం. మొత్తం 303 అయింది, పాతదానికంటే ఇంకా 18 తక్కువే. మా క్లబ్బులో ఒక లాయర్ గారున్నారు, ఫోర్‌హ్యాండ్ తప్ప వేరే వాదన తెలీదు ఆయనకి, ఆయన్ని బతిమాలి ఒంటి మీదకి కొట్టించుకున్నా. ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు పాతదానితో వాలీలు బాగా లోతుగా పడ్డాయి, కొత్తది ఆ దగ్గర్లోకి వచ్చింది కానీ దాన్ని దాటలేదు. రెండు సెట్లయ్యాక తలకిందులు. పాత బ్యాట్ ని లేపడానికే ఆలస్యమవుతోంది, బాల్ ఒంటిదాకా వచ్చేస్తోంది, కొత్తది అప్పటికీ ముందే అందుకుంటోంది. మధ్యలో తగలని బంతులకి మాత్రం పాతదే మేలు, అందులో రెండో మాట లేదు. సర్వ్ కి టేపు తర్వాత కూడా భుజం బాగానే ఉంది.

ఇదే ఉంచుకుంటున్నా. సింగిల్స్ లో గట్టిగా కొట్టే కుర్రాళ్ళు దొరికిన ఆదివారం పాతది తీస్తా.

వైజాగ్_వాలీ
అన్నీ రాశావ్, కాలు ముందుకేశావా లేదా రాయలేదు.

బ్యాక్‌హ్యాండ్_బద్రి
వేశా. అదీ పని చేసింది. చాలా?

వైజాగ్_వాలీ
చాలు.

డ్రాప్‌షాట్_రాణి
రెండు బ్యాట్లు మార్చి మార్చి ఆడితే టైమింగ్ పోతుంది, నేనైతే ఒప్పుకోను. మీ ఇష్టం.

సూర్యాపేట_స్మాష్
నా టైర్ల ముక్క ఒకటి ఊడిపోయింది నిన్న సర్వ్ ల, ఎగిరిపోయి అవతలోడి కాళ్ళ దగ్గర పడ్డది. ఎండకు గమ్ కరుగుతున్నది. ఏం జెయ్యాలె?

గట్టింగ్_గిరి
అవి లావు ఎక్కువ, బ్యాట్ కి ఆగవు, ఎవరికైనా కంటికి తగిలితే గొడవ. సన్నటి టేపు ఆన్‌లైన్ లో తెప్పించుకో, గోల్ఫ్ వాళ్ళు వాడేది కూడా అదే. అంటించే ముందు ఫ్రేమ్ ని స్పిరిట్ తో తుడువు, చెమట జిడ్డుంటే ఏదీ పట్టదు. లోపలి వైపు, గట్స్ కి అటూ ఇటూ అంటించు, పైన ఒక చుట్టు మామూలు టేపు వెయ్యి. ముట్టుకున్నాక చేతులు కడుక్కో, సీసం అది. బ్యాట్ ని కార్లో ఎండలో వదలకు, గట్స్ కూడా సాగుతాయి.

సూర్యాపేట_స్మాష్
సరే అన్నా. ఉన్న ముక్క కూడా పీకేస్తున్న.